పెంకు పురుగుల మీద డీఎన్‌ఏ పని: ఏ ప్రశ్నకు ఏ పద్ధతి?

పోయిన ఏడాది ఆగస్టులో ఒక ఎమ్మెస్సీ అమ్మాయి వేరుశనగ చేలో తవ్వి తీసిన వేరు పురుగుల్ని సీసాలో వేసుకుని నా దగ్గరికి వచ్చింది. తెల్లగా, లావుగా, కొడవలిలా వంగి ఉన్నాయి. "సార్, వీటికి బార్‌కోడింగ్ చేయించాలా, హోల్ జీనోమ్ చేయించాలా? జీనోమ్ అయితే పెద్ద జర్నల్లో పేపర్ వస్తుందంటున్నారు" అని అడిగింది. "వీటి గురించి నీకేం తెలియాలమ్మా?" అన్నాను. కాసేపు ఆలోచించి చెప్పింది: "తొలకరికి చేను గట్టు మీది వేప చెట్లకు రాత్రిపూట నాలుగు రకాల పెద్ద పురుగులు వాలాయి సార్. ఈ పిల్ల పురుగులు వాటిలో ఎవరి పిల్లలో తెలియాలి."

వేరు పురుగులు పెంకు పురుగుల పిల్లలే. ఈ ప్రశ్నకు జీనోమ్, అంటే పురుగు డీఎన్‌ఏ మొత్తం, చదవక్కర్లేదు. ఒక్క జన్యువు ముక్క చాలు, మహా అయితే రెండు. ఇదే సీసా పట్టుకుని వేరే ప్రశ్నతో వచ్చి ఉంటే నా జవాబు వేరేగా ఉండేది. పెంకు పురుగుల మీద డీఎన్‌ఏ పని మొదలుపెట్టేవాళ్లలో చాలామంది ముందు మెషిన్‌ను ఎంచుకుని, తర్వాత దానికి తగిన ప్రశ్న వెతుక్కుంటున్నారు. డబ్బూ, ఏడాది కాలమూ అక్కడే పోతున్నాయి. అందుకే ఈ పోలిక.

ముందు ప్రశ్న తేల్చుకోండి

పెంకు పురుగుల్లో ఇప్పటిదాకా పేరు పెట్టిన జాతులు సుమారు 4 లక్షలు. శాస్త్రానికి తెలిసిన జంతు జాతుల్లో దాదాపు నాలుగో వంతు ఇవే. బియ్యంలో ముక్కు పురుగు, రాత్రి వెలిగే మిణుగురు, పేడ ఉండను దొర్లించుకుపోయే పురుగు, చిన్నప్పుడు తుమ్మాకు వేసి అగ్గిపెట్టెలో దాచుకున్న జీరంగి, కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు అన్నీ ఈ కోవలోవే. (తొలకరికి కనిపించే ఎర్రటి ఆరుద్ర పురుగు మాత్రం కాదు. దానికి ఎనిమిది కాళ్లు, అది సాలీడు బంధువు. ఏటా కనీసం ఒకరు దాన్ని పట్టుకొస్తారు కాబట్టి చెబుతున్నాను.)

ఇంత పెద్ద గుంపు మీద వచ్చే ప్రశ్నలు మూడు రకాలు. ఇది ఏది? ఇక్కడ ఎన్ని రకాలున్నాయి? ఎవరికి ఎవరు చుట్టం, ఎప్పుడు విడిపోయారు? మూడో ప్రశ్నలో మళ్లీ తేడా ఉంది. విడిపోయింది పది లక్షల ఏళ్ల కిందటా, పదిహేను కోట్ల ఏళ్ల కిందటా అన్నదాన్ని బట్టి పద్ధతి మొత్తం మారిపోతుంది.

ఎందుకో చెబుతాను. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకు సొంత డీఎన్‌ఏ ఉంటుంది, అందులోని జన్యువులు తొందరగా మారతాయి. ఈజియన్ సముద్రంలోని దీవుల్లో ఉండే నల్ల పెంకు పురుగుల మీద 2010లో వచ్చిన లెక్క ప్రకారం, విడిపోయిన రెండు వంశాల మధ్య సీఓఐ అనే మైటోకాండ్రియా జన్యువులో పది లక్షల ఏళ్లకు దాదాపు 3.54 శాతం తేడా పేరుకుంటుంది. ఆ సముద్రం భూభాగాన్ని ఎప్పుడు రెండుగా చీల్చిందో భూగర్భ శాస్త్రం చెబుతుంది కాబట్టి ఆ గడియారానికి ఒక ఆధారం ఉంది. దగ్గరి చుట్టాలను విడదీయడానికి ఇంత వేగం బాగా పనికొస్తుంది. పాత సంబంధాల దగ్గరికి వెళ్లేసరికి అదే వేగం అడ్డమవుతుంది. ఒకే చోట డీఎన్‌ఏ అక్షరం మళ్లీ మళ్లీ మారి, పాత గుర్తు చెరిగిపోతుంది. పలక మీద రాసి తుడిచి, మళ్లీ రాసి తుడిచినట్టు. ముక్కు పురుగులకూ ఆకు పురుగులకూ ఉమ్మడి తాత ఎవరో సీఓఐని ఒక్కదాన్నే అడిగితే నమ్మదగిన జవాబు రాదు.

సీఓఐ బార్‌కోడ్: చాలామందికి ఇదే సరైనది

2003లో కెనడాలో పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించిన పద్ధతి ఇది. సీఓఐ జన్యువులో 658 అక్షరాల ముక్కను చదివి, తెలిసిన జాతుల ముక్కలతో పోల్చడం. ఆ ముక్కను వెతికి పట్టుకునే ప్రైమర్లు సులువుగా దొరుకుతాయి, డీఎన్‌ఏ ముక్కకు నకళ్లు తీసే పీసీఆర్ మెషిన్ ఉన్న ఏ కాలేజీ ల్యాబ్‌లోనైనా చేయొచ్చు, ఒక్కో ముక్కను విడిగా చదివే శాంగర్ పద్ధతిలో చదివిస్తే ఒక నమూనా ఖర్చు వందల రూపాయల్లో ఉంటుంది.

ఎంతవరకు నమ్మొచ్చు? ఫిన్లాండ్‌లో 1,872 జాతుల పెంకు పురుగులకు బార్‌కోడ్ చేసి 2014లో ఫలితాలు ప్రకటించారు. 98.3 శాతం జాతులను తికమక లేకుండా గుర్తించగలిగారు. మరుసటి ఏడాది జర్మనీ నుంచి 3,514 జాతుల లెక్క వచ్చింది, అక్కడ సుమారు 92 శాతం. రెండూ మంచి అంకెలే. అయితే వాటిని మన దగ్గరికి అలాగే తెచ్చుకోకూడదు. ఆ దేశాల్లో రెండు వందల ఏళ్లుగా పురుగులు సేకరించి, పేర్లు పెట్టి, పెట్టెల్లో దాచారు. బార్‌కోడ్ వచ్చేసరికి పోల్చుకోవడానికి పేరున్న పురుగు సిద్ధంగా ఉంది. మన పాపికొండల్లోనో నల్లమలలోనో పట్టిన పేడ పురుగు బార్‌కోడ్‌ను డేటాబేస్‌లో వెతికితే "88 శాతం పోలిక" అని ఏదో ఆఫ్రికా పురుగు పేరు రావచ్చు. దాన్ని చూసి ఆఫ్రికా పురుగు మన అడవిలో దొరికిందని రాసిన డిజర్టేషన్లు నేను చూశాను. 88 శాతం అంటే ఆ జాతి ఇంకా డేటాబేస్‌లోకి ఎక్కలేదని అర్థం, అంతకుమించి ఏమీ కాదు.

బార్‌కోడ్ నిజంగా మెరిసే చోట్లు వేరే ఉన్నాయి. మొదటిది పిల్ల పురుగును పెద్ద పురుగుతో కలపడం. వేరు పురుగులన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి. తల్లి పురుగు నేల పైన, పిల్ల నేల లోపల. ల్యాబ్‌లో పెంచి పెద్ద చేయాలంటే నెలలు పడుతుంది, సగం చచ్చిపోతాయి. నేపాల్ పొలాల్లోని వేరు పురుగుల మీద ఆరెన్స్, వోగ్లర్ తదితరులు 2007లో ఇదే పని చేశారు. పిల్ల పురుగుల డీఎన్‌ఏనూ పెద్ద పురుగుల డీఎన్‌ఏనూ పక్కపక్కన పెట్టి ఎవరు ఎవరి పిల్లలో తేల్చారు. అక్కడ కూడా మైటోకాండ్రియాతో ఆగకుండా కేంద్రకం నుంచి ఒక జన్యువును కలిపి చూశారు, దాని సంగతి కాసేపట్లో చెబుతాను. అనంతపురం జిల్లాలో వేరుశనగ వేసే రైతుకు ఇది పుస్తకాల్లో విషయం కాదు. ఏ జాతి పురుగు మొక్కల వేళ్లు కొరుకుతోందో తెలిస్తే, దాని తల్లులు ఏ చెట్టు మీద, ఏ వారంలో వాలతాయో తెలుస్తుంది. అప్పుడు మందు చేనంతా చల్లకుండా నాలుగు చెట్ల దగ్గరే పని ముగించవచ్చు.

రెండోది, సరుకుల్లో దొరికే పురుగులు. ధాన్యం గోదాముల్లో ఉండే ఖప్రా పురుగు పిల్ల దశలో తన చుట్టాల్లాగే ఉంటుంది. చాలాసార్లు ఓడలో వచ్చిన బస్తాలో దొరికేది దాని కుబుసం మాత్రమే. ఆ జాతి అవునో కాదో అన్నదాని మీద మొత్తం సరుకు వెనక్కి వెళ్లడం ఆధారపడి ఉంటుంది. రోమాలు లెక్కపెట్టి చెప్పగల నిపుణుడు ప్రతి రేవులో ఉండడు, డీఎన్‌ఏ చదివించడం ఎక్కడైనా వీలవుతుంది.

మూడోది, రంగు మోసం చేసే జాతులు. కొబ్బరిని కూల్చే ఎర్ర ముక్కు పురుగు కథ చూడండి. రింకోఫోరస్ ఫెర్రుజినియస్, రింకోఫోరస్ వల్నెరాటస్ అని రెండు పేర్లుండేవి. తేడా రంగులోనే ఉందని 2004లో రెండింటినీ ఒకే జాతిగా కలిపేశారు. 2010లో అమెరికాలో కాలిఫోర్నియా తీరాన లగూనా బీచ్ అనే ఊళ్లో ఖర్జూర జాతి చెట్లలో ఈ పురుగు కనిపించేసరికి గోల మొదలైంది. డీఎన్‌ఏ చూశాక 2013లో తేలింది ఏమిటంటే, అవి నిజంగానే రెండు జాతులు, లగూనా బీచ్‌కు వచ్చింది మధ్యప్రాచ్య దేశాలనూ మధ్యధరా తీరాన్నీ అల్లకల్లోలం చేసిన ఫెర్రుజినియస్ కాదు, ఆగ్నేయాసియా నుంచి వచ్చిన వల్నెరాటస్. రంగును నమ్మడానికి లేదని కూడా తేలింది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోతే దాన్ని ఆపే దారీ తెలియదు కదా.

ఒక కాలు చాలు

బార్‌కోడ్‌కు పురుగును నలిపేయక్కర్లేదు. కొమ్ము పురుగంతటిదైతే మధ్య కాలు ఒకటి సరిపోతుంది. పట్టకారును స్పిరిట్‌లో ముంచి, మంటలో చూపించి, చల్లారనివ్వాలి. తొడ మొదట్లో పట్టి మెల్లగా తిప్పితే టప్పున ఊడి వస్తుంది. ఊడిన చోట కండ తెల్లగా దారాల్లా కనిపిస్తే ధైర్యం. గోధుమ రంగు పొడిలా రాలితే డీఎన్‌ఏ ముక్కలైపోయి ఉండొచ్చు. ఆ కాలును రెండు మూడు ముక్కలు చేసి, కండను కరిగించే ప్రొటీనేజ్ కే అనే ఎంజైమ్ కలిపిన ద్రావణంలో వేసి, 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాలి.

ఆవగింజంత పురుగులకు కాలు తీస్తే ఏమీ మిగలదు. వాటికి నేను మొత్తం పురుగునే ద్రావణంలో వేస్తాను, పొట్టకూ ఛాతీకీ మధ్య చిన్న సందు చేసి. తెల్లారి చూస్తే లోపలి కండ అంతా కరిగి ద్రావణంలోకి వచ్చేస్తుంది, పెంకు మాత్రం చెక్కు చెదరకుండా ఉంటుంది. దీపం ముందు పెడితే వెలుతురు అవతలికి కనిపిస్తుంది. మగ పురుగైతే జననాంగం శుభ్రంగా, ఏ గీత ఎక్కడుందో కనిపించేట్టు బయటపడుతుంది. చాలా పెంకు పురుగుల్లో జాతిని తేల్చేది ఆ భాగమే. డీఎన్‌ఏ తీసినందువల్ల పాత పద్ధతి పని ఇంకా తేలికవుతుంది. డీఎన్‌ఏ వచ్చింది కదా, ఇక సూక్ష్మదర్శిని ఎందుకు అనేవాళ్లకు నేను ఆ పెంకునే చూపిస్తాను.

బార్‌కోడ్ ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది

మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది. తల్లి వైపు చరిత్రే చెబుతుంది. రెండు జాతులు ఎప్పుడో ఒకసారి కలిసి, ఒకదాని మైటోకాండ్రియా రెండోదానిలోకి వెళ్లిపోతే బార్‌కోడ్ అబద్ధం చెబుతుంది. జపాన్‌లో ఒహోమోప్టెరస్ అనే నేల పెంకు పురుగులు ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ. సోటా, వోగ్లర్ 2001లో చూపించినట్టు, వాటిలో మైటోకాండ్రియా గీసే వంశవృక్షం ఒకటి, కేంద్రకంలోని జన్యువులు గీసేది మరొకటి. ఒకే ప్రాంతంలో ఉండే వేర్వేరు జాతులు మైటోకాండ్రియాను పంచుకున్నాయి.

వోల్బాకియా ఇంకో చిక్కు. పురుగు కణాల లోపల ఉండి, తల్లి నుంచి పిల్లకు సంక్రమించే బాక్టీరియా ఇది. తనతో పాటు ఒకే రకం మైటోకాండ్రియాను జనాభా అంతటా వ్యాపింపజేస్తుంది. దాంతో వేర్వేరు జాతులు ఒకటిగానో, ఒకే జాతి రెండుగానో కనిపిస్తుంది. ఆల్టికా అనే ఆకు పురుగుల్లో దీని ప్రభావం బాగా కనిపించింది. మా దగ్గర ఒకసారి పన్నెండు నమూనాలు పంపిస్తే మూడింటి సీక్వెన్స్ (చదివిన అక్షరాల వరస) పురుగుతో అసలు కలవలేదు. రెండు వారాల టెన్షన్ తర్వాత వెతికి చూస్తే అది వోల్బాకియాదే. మనం వాడే మామూలు ప్రైమర్లు బాక్టీరియాలోని ఆ జన్యువును కూడా పట్టుకోగలవు. అప్పటి నుంచి సీక్వెన్స్ రాగానే మొదట అది అసలు పురుగుదేనా అని చూస్తున్నాం, తర్వాత అందులో జన్యువును మధ్యలోనే ఆపేసే కోడాన్ (మూడక్షరాల గుర్తు) ఉందా అని చూస్తున్నాం. ఉంటే అది మైటోకాండ్రియాది కాక, ఎప్పుడో కేంద్రకంలోకి వెళ్లిపోయిన పాత నకలు కావచ్చు.

అందుకే నా సలహా: జాతులు ఎన్ని అన్నది మీ ప్రశ్న అయితే సీఓఐకి తోడు కేంద్రకం నుంచి కనీసం ఒక జన్యువు చదివించండి. 28ఎస్, సీఏడీ లాంటివి పెంకు పురుగుల్లో చాలాకాలంగా వాడుతున్నారు. ఖర్చు ఇంచుమించు రెట్టింపు అవుతుంది. నమూనాల సంఖ్య సగానికి తగ్గించుకోవాల్సి వచ్చినా సరే, నేను రెండు జన్యువుల వైపే మొగ్గుతాను. రెండూ ఒకే మాట చెబితే నిశ్చింత. వేరువేరుగా చెబితే అసలైన కథ అక్కడే మొదలవుతుంది.

కోనసీమ వాళ్లకు బాగా తెలిసిన కొమ్ము పురుగు ఇక్కడ మంచి పాఠం. దాన్ని అదుపు చేయడానికి మలేసియాలో కనుగొన్న ఒక వైరస్‌ను 1967లో సమోవాలో వదిలారు, పసిఫిక్ దీవుల్లో పురుగు చాలావరకు తగ్గింది. 2007లో పసిఫిక్‌లోని గువామ్ దీవికి కొత్తగా వచ్చిన కొమ్ము పురుగులు ఆ వైరస్‌కు లొంగలేదు. 2017లో మార్షల్ బృందం వాటిని మిగతావాటి నుంచి వేరు చేసి చూపించింది. గుర్తు పట్టడానికి వాడింది సీఓఐ జన్యువులోని తేడానే. కాలు ముక్కతో ఒక్క రోజులో తేలిపోయే పరీక్ష కాబట్టి దీవి దీవికీ ఉపయోగపడింది. కానీ ఆ గుర్తు వంశానిది. వైరస్‌కు లొంగకపోవడానికి కారణం సీఓఐ కాదు. ఆ వంశపు ఆడ పురుగు వేరే వంశపు మగ పురుగుతో కలిస్తే పిల్లలన్నిటికీ అదే గుర్తు వస్తుంది, వైరస్‌ను తట్టుకునే గుణం మాత్రం రావచ్చు, రాకపోవచ్చు. మన తోటల్లో ఈ పరీక్ష చేయాలనుకునేవాళ్లు ఈ రెండింటినీ కలిపేయకూడదు. వంశం ఏదో తెలియాలంటే సీఓఐ, గుణం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే మొత్తం జీనోమ్.

వంశవృక్షం కావాలంటే: జాతులు ఎక్కువా, జన్యువులు ఎక్కువా

పెంకు పురుగుల చరిత్ర మీద వచ్చిన పెద్ద అధ్యయనాలు నాలుగింటిని వరసగా పెట్టి చూస్తే, పద్ధతి ఎంపిక జవాబును ఎలా మారుస్తుందో కళ్లకు కడుతుంది.

ఈ పురుగులు ఇన్ని రకాలు ఎందుకయ్యాయి? 1998లో బ్రయాన్ ఫారెల్ కొద్దిపాటి డీఎన్‌ఏతో, ఎక్కువగా మొక్కలు తినే గుంపుల మీద పని చేసి, పూల మొక్కలు తినడం మొదలుపెట్టడమే కారణమన్నాడు. పూల మొక్కలు పెరిగాయి, వాటితో పాటు పురుగులూ పెరిగాయి. వినడానికి చక్కగా ఉంది. 2007లో హంట్, వోగ్లర్ బృందం దారి మార్చింది. జన్యువులు మూడే, జాతులు మాత్రం దాదాపు 1,900. పెంకు పురుగుల కుటుంబాల్లో ఎనభై శాతానికి పైగా అందులో వచ్చాయి. అంత విస్తారంగా చూసేసరికి, ఇప్పటి వంశాల్లో వందకు పైగా పూల మొక్కలు విస్తరించక ముందే, జురాసిక్ కాలం నుంచే ఉన్నాయని కనిపించింది. కారణం ఒక్క పూల మొక్క కాదు, వంశాలు అంతరించకుండా నిలబడటం, రకరకాల చోట్ల సర్దుకుపోవడం అన్నారు. కొద్ది గుంపులే చూసి ఉంటే ఇది తెలిసేది కాదు.

కానీ మూడు జన్యువులతో పాత కొమ్మలు గట్టిగా నిలబడలేదు. ఎవరు ఎవరికి దగ్గరి చుట్టం అనేది చాలా చోట్ల అనుమానంగానే మిగిలింది. 2018లో 373 జాతులకు 95 కేంద్రక జన్యువులు చదివారు. 2019లో మెకెన్నా బృందం 146 జాతులకు 4,818 జన్యువులు చూసింది. జాతులు తగ్గాయి, జన్యువులు మూడు నుంచి వేలకు పెరిగాయి. వృక్షం గట్టిపడటం ఒక ఎత్తు. మూడు జన్యువులతో ఎంత వెతికినా కనిపించని సంగతి ఇంకొకటి బయటపడింది: మొక్కల కణాల గోడను జీర్ణం చేసే ఎంజైముల జన్యువులు కొన్ని పెంకు పురుగులకు బాక్టీరియా నుంచి, శిలీంధ్రాల నుంచి వచ్చాయి. తల్లిదండ్రుల నుంచి కాక, పరాయి జీవుల నుంచి. కర్ర తొలిచే పురుగులు, ముక్కు పురుగులు, ఆకు పురుగులు అంతగా విస్తరించడంలో దానికి పెద్ద పాత్ర ఉంది. ఫారెల్ చెప్పిన మొక్కల సంబంధం తప్పు కాదు, అయితే అది వేరే రూపంలో, వేరే కారణంతో తిరిగి వచ్చింది.

వీటిలో ఏది మంచిదని అడిగితే నేను ఒకదాని వైపు వేలు చూపించలేను. వైవిధ్యం ఎప్పుడు, ఎక్కడ పెరిగింది అన్నదానికి జాతులు ఎక్కువ కావాలి. ఏ గుంపు దేనికి దగ్గర, ఏ జన్యువు వల్ల ఆ జీవన విధానం వచ్చింది అన్నదానికి జన్యువులు ఎక్కువ కావాలి. మన దగ్గర ఒక పీహెచ్‌డీ డబ్బుతో రెండూ కుదరవు. నాలుగైదు ప్రజాతుల చిన్న గుంపును ఎంచుకుంటే రెండిటి మధ్య దారి దొరుకుతుంది.

ఆ దారి పేరు యూసీఈ. అన్ని పెంకు పురుగుల్లోనూ పెద్దగా మారకుండా ఉన్న జీనోమ్ భాగాలను ఎరల్లాంటి చిన్న డీఎన్‌ఏ ముక్కలతో పట్టి, వాటితో పాటు పక్కన మారే భాగాలను కూడా చదవడం. పెంకు పురుగుల కోసం తయారుచేసిన మొదటి ఎరల సెట్ 1,172 చోట్లను పట్టుకుంటుంది. ఇలాంటిదే ఇంకో పద్ధతితో 2018లో ముక్కు పురుగులకు 522 జన్యువులు చదివి వాటి చరిత్రను తిరగరాశారు. ఎర పద్ధతులకు డీఎన్‌ఏ పొడవుగా ఉండక్కర్లేదు, ముక్కలైనా పట్టుకుంటాయి. అందువల్ల మ్యూజియంలో పదుల ఏళ్లుగా పిన్నుకు గుచ్చి ఉన్న పురుగులు కూడా పనికొస్తాయి. మన దేశంలో కొత్తగా దొరకని జాతులు ఎన్నో కోల్‌కతాలోని జూలాజికల్ సర్వే పెట్టెల్లో ఉన్నాయి. అలాంటి వాటి మీద పని చేయాలంటే నా ఓటు యూసీఈకే. దీనికి పోటీగా చెప్పే ట్రాన్‌స్క్రిప్టోమ్‌కు, అంటే ఆ సమయానికి పనిచేస్తున్న జన్యువులను మాత్రమే చదవడానికి, ఆర్‌ఎన్‌ఏ కావాలి. అంటే బతికున్న పురుగును అప్పటికప్పుడు ప్రత్యేక ద్రావణంలోనో ద్రవ నత్రజనిలోనో వేయాలి. అడవిలో అది అయ్యే పని కాదు. జన్యువు ఏ అవయవంలో పనిచేస్తోంది అన్నది మీ ప్రశ్న అయితే తప్ప దాని జోలికి వెళ్లవద్దు.

మైటోకాండ్రియా మొత్తాన్ని చదవడం కూడా ఉంది. ఎన్నో జాతుల డీఎన్‌ఏను ఒకే గొట్టంలో కలిపి చదివించి, కంప్యూటర్‌లో విడదీసి, ఒక్కో జాతికి పూర్తి మైటోకాండ్రియా జీనోమ్ కూర్చుకోవచ్చు. 2014లో ముక్కు పురుగులకు ఇలా చేశారు, మరుసటి ఏడాది బోర్నియో అడవిలో చెట్ల మీద నుంచి రాల్చిన పెంకు పురుగుల గుంపుకూ చేశారు. కుటుంబాల స్థాయి వరకు చౌకగా మంచి వృక్షం వస్తుంది. అయినా ఇదంతా తల్లి వైపు కథే అన్న పరిమితి అలాగే ఉంటుంది.

మొత్తం జీనోమ్ ఎప్పుడు

పిండిలో తిరిగే ఎర్ర పురుగు ట్రైబోలియం క్యాస్టేనియం జీనోమ్ 2008లో వచ్చింది, పెంకు పురుగుల్లో అదే మొదటిది. తర్వాత చాలా వచ్చాయి. వాటిలో నాకు ఎంతో ఇష్టమైనది 2018లో వచ్చిన మిణుగురుల పని. అమెరికా మిణుగురు, జపాన్ మిణుగురు, వెలుగు ఇచ్చే క్లిక్ బీటిల్ అనే ఇంకో పెంకు పురుగు, ఈ మూడింటి జీనోమ్‌లను పక్కపక్కన పెట్టి చూస్తే మిణుగురులో వెలుగూ క్లిక్ బీటిల్‌లో వెలుగూ వేర్వేరుగా పుట్టాయని తేలింది. రెండూ వాడే రసాయనం దాదాపు ఒకటే, అయినా దారులు వేరు. జన్యువు పక్కన ఏ జన్యువు ఉంది, ఏది రెండింతలయ్యింది అన్నది కనిపిస్తేనే ఇది తెలుస్తుంది. ఇలాంటి ప్రశ్నకు జీనోమ్ తప్ప వేరే దారి లేదు.

మీ ప్రశ్న ఇలాంటిదేనా? ఒక గుణం ఎక్కడి నుంచి వచ్చింది, మందును తట్టుకునే శక్తి ఏ జన్యువులో ఉంది, రెండు జనాభాల మధ్య రాకపోకలు ఎంత అన్నవైతే సరే. "ఇది ఏ జాతి" అన్నదానికి జీనోమ్ చేయిస్తే వేలకు వేలు పోసి, చివరికి సీఓఐ ముక్కను అందులోంచి వెతుక్కోవాల్సి వస్తుంది. జీనోమ్‌ను కూర్చే పనికి కంప్యూటర్, ఆ పని తెలిసిన మనిషి కూడా కావాలి. కంపెనీ నుంచి హార్డ్ డిస్క్ వచ్చాక దాన్ని తెరవకుండా బీరువాలో పెట్టిన ప్రాజెక్టులు ఉన్నాయి.

ఉచ్చులో పడ్డవన్నీ కలిపి చదవడం

వందల పురుగులు పడ్డ ఉచ్చును మొత్తంగా రుబ్బి, ఒకేసారి బార్‌కోడ్‌లు చదివే పద్ధతి మెటాబార్‌కోడింగ్. ఉష్ణమండల అడవుల్లో జాతులు ఎన్నో లెక్క తేలకపోవడం పాత సమస్యే. 1982లో టెర్రీ ఎర్విన్ పనామాలో ఒకే జాతికి చెందిన 19 చెట్ల మీది నుంచి దాదాపు 1,200 జాతుల పెంకు పురుగులు దొరికాయని రాసినప్పుడు అందరూ నివ్వెరపోయారు. అంత మందను చేత్తో వేరు చేయడం ఏళ్ల పని. అలాంటి చోట మెటాబార్‌కోడింగ్ అవసరమే. పేడ పురుగుల గుంత ఉచ్చుల్లాంటి వాటికి మాత్రం నేను వద్దంటాను. అక్కడ జాతులు తక్కువ, పురుగులు పెద్దవి, ఒక్కొక్కటిగా వేరు చేయొచ్చు. రుబ్బేస్తే ఏ జాతివి ఎన్ని అన్న లెక్క నమ్మకంగా రాదు, కొత్త జాతి ఉందని తెలిసినా చేతిలో పురుగు మిగలదు.

పురుగు మిగలడం ఎంత ముఖ్యమో న్యూగినీ ముక్కు పురుగులు చూపిస్తాయి. 2013లో రీడెల్ బృందం ట్రైగొనోప్టెరస్ ప్రజాతిలో 101 కొత్త జాతులను ఒకే పత్రంలో వర్ణించింది. బార్‌కోడ్‌తో గుంపులు విడదీశారు, ఒక్కో జాతికి ఒక మూల నమూనా, ఫొటోలు, చిన్న వర్ణన పెట్టారు. అన్ని పేర్లు కావాలి కాబట్టి కొన్నింటికి పాపువా న్యూగినీ టెలిఫోన్ డైరెక్టరీలోని ఇంటిపేర్లు తీసుకున్నారు. మన తూర్పు కనుమల్లోని చిన్న ముక్కు పురుగులకు ఎవరైనా ఇలా పూనుకుంటే బాగుండునని ఎప్పటినుంచో కోరిక.

సీసాలో ఏం పోయాలి, ఎవరిని అడగాలి

పద్ధతి ఏదైనా నమూనా పాడైతే అంతా వృథా. 95 శాతానికి పైబడిన ఇథనాల్ వాడి, వీలైతే ఫ్రీజర్లో పెట్టండి. లావు పురుగులకు మొదటి రోజు తర్వాత ఇథనాల్ మార్చండి, వాటి ఒంట్లో నీరు దాన్ని పలుచన చేస్తుంది. ఫార్మాలిన్ వద్దు. పురుగుల్ని చంపడానికి చాలామంది వాడే ఇథైల్ అసిటేట్ కూడా డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది.

అడవిలో పట్టాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. నమూనాలను విదేశీ ల్యాబ్‌కు పంపే ఆలోచన ఉంటే 2002 నాటి జీవవైవిధ్య చట్టం వర్తిస్తుంది, చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ నిబంధనలు ముందే చదువుకోండి. డబ్బా పోస్టులో వేశాక కాదు. పంటల మీది పురుగైతే బెంగళూరులోని ఎన్‌బీఏఐఆర్‌లో (వ్యవసాయ కీటకాల మీద పనిచేసే జాతీయ సంస్థ) నిపుణులున్నారు, పురుగును ఒకసారి వాళ్ల కంటికి చూపించడం పది సీక్వెన్సుల పెట్టు.

వేరు పురుగుల అమ్మాయికి చివరికి నేను చెప్పింది ఇది: ఇరవై పిల్ల పురుగులు, నాలుగు రకాల్లో ఒక్కోదానికి మూడేసి పెద్ద పురుగులు, సీఓఐ, 28ఎస్. ఆరు నెలల్లో అయ్యే పని. పెద్ద పురుగులకు ఒక్కో కాలే తీశాం. మిగిలిన అయిదు కాళ్లతో పురుగు పిన్ను మీద ఉంది, పిన్ను కింద చీటీ మీద పెన్సిల్‌తో రాసిన నంబరూ ఫ్రీజర్లోని గొట్టం మీది నంబరూ ఒకటే. చీటీ మీద ఊరు, చెట్టు, తేదీ, పట్టినవాళ్ల పేరు ఉన్నాయి. రేపు ఆ నాలుగింటిలో ఒకటి మందుకు లొంగడం లేదని రైతు చెబితే జీనోమ్ చదవడానికి కావలసిన కండ ఆ ఫ్రీజర్లోనే ఉంది.